ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు మనం చెప్పాల్సిన సంగతులు

పొగాకు రైతులు, కూలీల ఆరోగ్య సదస్సులో మన సంఘం ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగం పాఠం



మన సభల్లో ఎప్పుడూ వేలం ధరల గురించి, కౌలు గురించి, అప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈ పూట ఆపరేషన్ల గురించి మాట్లాడదామని మా కమిటీ నిర్ణయించింది. మోకాలి చిప్ప మార్పిడి, వెన్ను ఆపరేషన్, విరిగిన కాలికి ప్లేటు వేయించుకోవడం, హెర్నియా, గర్భసంచి ఆపరేషన్... ఇవి లేని ఇల్లు మన ఊళ్ళలో లేదు. ఒక్కో ఆపరేషన్ ఒక్కో పంట డబ్బు మింగేస్తోంది. అది బాగా అయితే ఫరవాలేదు. పుండు మానక, ఎముక అతుక్కోక రెండోసారి బల్ల ఎక్కాల్సి వస్తే ఆ కుటుంబం లేవడానికి ఏళ్ళు పడుతుంది.

మేం డాక్టర్లం కాదు. డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, మన సభ్యుల విషయంలో కళ్ళారా చూసినది కలిపి చెబుతున్నాం. ముందు ఒక అక్క సంగతి చెబుతాం. ఆమె ఈ సభలోనే ఉంది. చెప్పమని ఆమే అన్నది, పేరు మాత్రం వద్దన్నది.

ఆమెకు నడుంనొప్పి ముదిరి కాలు మొద్దుబారింది. పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో వెన్నుపూసలు కలిపే ఆపరేషన్ చేయాలన్నారు. తారీకు ఇచ్చారు, అడ్వాన్సు కట్టించుకున్నారు. మూత్ర పరీక్షలో నికోటిన్ ఆనవాలు కనబడింది. "పొగాకు వాడతావా?" అని అడిగారు. వాడనన్నది. మళ్ళీ అడిగారు. మళ్ళీ వాడనన్నది. మూడోసారి ఆమెను అడగలేదు, భర్తను పక్కకు పిలిచి "మీ ఆవిడ దాస్తోంది, మాన్పించి తీసుకురండి" అని పంపించేశారు. ఆ అక్క పుట్టి బుద్ధెరిగాక చుట్ట ముట్టలేదు, నశ్యం ముట్టలేదు. కానీ ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు దాకా మంచులో తడిసిన ఆకు కోసింది, మోసింది, కర్రలకు కట్టింది. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. చెప్పాలని ఆమెకూ తెలియదు. ఇంటికి వచ్చాక నడుంనొప్పి కంటే మొగుడి చూపు ఎక్కువ బాధ పెట్టిందని మాతో అన్నది.

ఈ పూట మేం చెప్పదలచిన ఒక్క ముక్క ఇందులోనే ఉంది. పొలం పని మన ఒంట్లోకి ఏం పంపిస్తుందో ఆసుపత్రి దానంతటది అడగదు. మనమే చెప్పాలి. అది కూడా ఆపరేషన్ రోజున కాదు, నెలా రెండు నెలల ముందు.

ఆకు తాగకపోయినా ఆకు మనలోకి వస్తుంది

నికోటిన్ నీళ్ళలో కరుగుతుంది, చర్మంలోంచి లోపలికి దిగుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లారగట్ల ఆకు మీద ఎంత మంచు ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. చీర కుచ్చిళ్ళు, చొక్కా చేతులు తడిసి ముద్దవుతాయి. ఆ తడి ఉత్త నీళ్ళు కాదు, నికోటిన్ కలిసిన నీళ్ళు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1993లో వేసిన లెక్క ప్రకారం, బాగా తేమగా ఉన్న రోజున ఒక కూలీ ఒంటికి 600 మిల్లీలీటర్ల దాకా ఆకు మీది తడి తగలవచ్చు. అందులో ప్రతి 100 మిల్లీలీటర్లలో 9 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉండవచ్చు. అదంతా లోపలికి పోదు. కానీ పోయేది తక్కువేమీ కాదు. చేతుల మీద కోతలు, గీతలు, పుళ్ళు ఉంటే ఇంకా ఎక్కువ దిగుతుంది. ఎండకు, పనికి ఒళ్ళు వేడెక్కితే రక్తం చర్మంలోకి బాగా పారుతుంది కాబట్టి అప్పుడూ ఎక్కువే.

కోతల రోజుల్లో కొత్తగా వచ్చిన కూలీలకు కడుపులో తిప్పడం, వాంతులు, తలనొప్పి, తల తిరగడం మనందరికీ తెలిసినవే. "ఆకు మత్తు" అంటాం, "ఎండదెబ్బ" అంటాం, మజ్జిగ తాగించి చెట్టు కింద పడుకోబెడతాం. వైద్యులు దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1970లోనే దీని గురించి రాశారు. మన దేశంలో గుజరాత్ పొగాకు కూలీల మీద అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్ళు 1970లు, 80లలో పరిశోధన చేశారు. చేతులకు గ్లవుజులు వేయించి కూడా చూశారు, వేసుకున్నవారిలో ఈ బాధ తగ్గింది. అంటే మందు తెలిసి చాలా ఏళ్ళయింది. మన చేతులకు మాత్రం ఇంకా రాలేదు.

చుట్ట తాగేవాళ్ళకు ఈ వాంతులు తక్కువ. ఒళ్ళు అలవాటు పడిపోయి ఉంటుంది, అంతే. వాంతి కాలేదంటే నికోటిన్ ఎక్కలేదని కాదు.

ఒంట్లోకి వెళ్ళిన నికోటిన్ రెండు గంటల్లో సగం తగ్గుతుంది. అది కోటినిన్ అనే పదార్థంగా మారుతుంది. ఈ కోటినిన్ సగం తగ్గడానికి సుమారు 16 నుంచి 20 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మూత్రంలో, ఉమ్మిలో, రక్తంలో చూసేది దీన్నే. అమెరికాలోని ఉత్తర కరోలినాలో పొగ తాగని పొలం కూలీల ఉమ్మి పరీక్షిస్తే, సీజను చివరికి వచ్చేసరికి రోజూ పొగ తాగేవాళ్ళతో సమానంగా కోటినిన్ కనబడింది. మన అక్క అబద్ధం చెప్పలేదు, పరీక్షా అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటి మధ్యలో తప్పిపోయింది.

తర్వాత ఏమైందంటే, మా కమిటీ వాళ్ళు ఆమెను ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి ఆకు పని సంగతి చెప్పారు. ఆయన "మూడు వారాలు ఆకు ముట్టకుండా రండి" అన్నాడు. మళ్ళీ పరీక్ష చేస్తే ఏమీ లేదు. ఆపరేషన్ అయింది. ఇవాళ నడిచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. భర్త కూడా పక్కనే ఉన్నాడు, తల దించుకుని నవ్వుతున్నాడు.

నికోటిన్ ఉంటే డాక్టర్లకు ఎందుకంత భయం?

కోత పడిన చోట మానాలంటే రక్తం పారాలి, రక్తంలో ప్రాణవాయువు ఉండాలి. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగదీస్తుంది. చివరి మడికి నీళ్ళు అందాలంటే బోదె తెరిచి ఉండాలి కదా, ఆ బోదెకు అడ్డకట్ట వేసినట్టు. ఇక పొగ తాగితే కార్బన్ మోనాక్సైడ్ కూడా తోడవుతుంది. అది రక్తంలో ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. వచ్చే నీళ్ళు తక్కువ, ఆ నీళ్ళలో సారమూ తక్కువ. అప్పుడు కుట్లు విడిపోతాయి, చీము పడుతుంది. పొగ తాగేవాళ్ళలో విరిగిన ఎముక అతుక్కోకుండా ఉండిపోయే ప్రమాదం తాగనివాళ్ళ కంటే సుమారు రెండు రెట్లు. వెన్నుపూసలు కలిపే ఆపరేషన్‌లో ఎముకకు ఎముక అతకడమే అసలు పని. అందుకే ఆ డాక్టర్లు అంత గట్టిగా పట్టుబడతారు.

ఇది బెదిరింపు కోసం చెప్పే మాట కాదు. డెన్మార్క్‌లో తుంటి, మోకాలి కీళ్ళ మార్పిడికి వచ్చిన 120 మంది పొగరాయుళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్‌కు 6 నుంచి 8 వారాల ముందు నుంచి సలహా, నికోటిన్ మందులు ఇచ్చి పొగ మాన్పించడానికో తగ్గించడానికో చూశారు. రెండో జట్టును మామూలుగా వదిలేశారు. వదిలేసిన జట్టులో 100కి 52 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. మాన్పించిన జట్టులో 18 మందికే వచ్చింది. పుండుకు సంబంధించిన చిక్కులు ఒకవైపు 31 శాతం, ఇంకోవైపు 5 శాతం. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది. రెండు జట్లకూ ఒకే రకం ఆపరేషన్లు. తేడా అంతా ముందు వారాల్లో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరిలో చెప్పింది కూడా ఇదే. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు పొగాకు మానాలి, ఆ పైన మానిన ప్రతి వారమూ ఇంకొంత మేలు చేస్తుంది. నాలుగు వారాల వ్యవధి లేకపోతే ఏం చేయాలి? ఉన్నన్ని రోజులే మానండి. పొగ ఆపిన ఒక రోజులోనే రక్తంలోంచి కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు పోతుంది. "ఆపరేషన్ ముందు ఉన్నట్టుండి మానితే కఫం పెరిగి ప్రమాదం" అని ఊళ్ళలో ఒక మాట ఉంది. అధ్యయనాల్లో దానికి ఆధారం దొరకలేదు. ఇంకో మాట. కాలు విరిగి ఎముక బయటికొచ్చినా, పేగు తిరగబడినా నెల ఆగి రమ్మని ఎవరూ అనరు, మనమూ ఆగకూడదు. ఈ వారాల లెక్క తారీకు ముందుగా పెట్టుకునే ఆపరేషన్లకే.

చుట్ట, బీడీ, సిగరెట్టు ఒక్కటే కాదు. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీ, పళ్ళకు రుద్దే నశ్యం, ఉత్తరాంధ్ర అక్కలు నిప్పు లోపల పెట్టి తాగే అడ్డపొగ, అన్నిటిలోనూ ఉన్నది నికోటినే. "తాగుతావా" అని అడిగితే ఖైనీ వేసేవాడు "తాగను" అంటాడు. అది అబద్ధం కాదు కానీ నిజమూ కాదు. గుట్కా, వక్కపలుకులు ఏళ్ళ తరబడి నమిలినవాళ్ళకు బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. ఇంటికి వెళ్ళాక మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పెట్టి చూసుకోండి. పట్టకపోతే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. మత్తు ఇచ్చాక గొంతులోకి గొట్టం వేయాలి, నోరు తెరుచుకోకపోతే బల్ల మీదే ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిస్తే వేరే పద్ధతిలో వేస్తారు.

మానడం తేలికని మేం అనం. మన కమిటీలోనే ముగ్గురు మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు. 1800 11 2356 అనే నంబరుకు ఫోను చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు, అది ప్రభుత్వానిది. నికోటిన్ బిళ్ళలు, ఒంటికి అంటించే నికోటిన్ ప్యాచీలు కూడా ఉన్నాయి. వాటిలోనూ ఉన్నది నికోటినే, అయితే పొగ ఉండదు, మోతాదు తక్కువ. డెన్మార్క్ వాళ్ళు వాడించింది అవే. కొందరు వెన్ను డాక్టర్లు, చర్మం అతికించే డాక్టర్లు అవి కూడా వద్దంటారు. మీ డాక్టరును అడిగే వాడండి.

ఆ ప్యాచీ వేరు, ఈ ప్యాచ్ టెస్టు వేరు

ఇక్కడ ఒక తమాషా జరిగింది. మన సభ్యుడొకాయనను చర్మం డాక్టరు "ప్యాచ్ టెస్టు చేయించుకో" అని పంపాడు. ఆయన మందుల షాపుకు వెళ్ళి నికోటిన్ ప్యాచీ కొనుక్కుని భుజానికి అంటించుకుని వచ్చాడు. "రెండు రోజులైంది, దురద లేదు, నాకేం ఎలర్జీ లేదు" అన్నాడు. నవ్వుకున్నాం. కానీ తప్పు ఆయనది కాదు, విడమరిచి చెప్పనివాళ్ళది. అందుకే విడమరిచి చెబుతాం.

ప్యాచ్ టెస్టు అంటే చర్మానికి ఏది పడదో కనిపెట్టే పరీక్ష. జర్మన్ వైద్యుడు యాదస్సోన్ 1895లో దీన్ని మొదలుపెట్టాడు. మన చర్మానికి తగిలే లోహాలు, రసాయనాలు, మొక్కల సారాలు కొంచెం కొంచెం చిన్న గిన్నెల్లో పెట్టి వీపు పైభాగాన అంటిస్తారు. 48 గంటలు అలాగే ఉంచి, తీసి చూస్తారు. మళ్ళీ మూడో రోజో నాలుగో రోజో చూస్తారు. ఎక్కడ ఎర్రబడి పొంగితే అది మనకు పడదన్నమాట. మన దేశంలో చర్మవైద్యులు వాడే జాబితాలో నికెల్, సిమెంటులో ఉండే క్రోమేటు, కోబాల్టు, జుట్టు రంగు, రబ్బరు రసాయనాలు, కొన్ని ఆయింట్‌మెంట్ల మందులు, వయ్యారిభామ కూడా ఉన్నాయి.

ఇది సూదితో ఇచ్చే టెస్ట్ డోసు కాదు. పెన్సిలిన్ పడి ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం వేరే రకం ఎలర్జీ, దానికి వేరే పరీక్షలు. రబ్బరు గ్లవుజు తగలగానే నిమిషాల్లో వచ్చే దద్దుర్లూ అంతే. ప్యాచ్ టెస్టులో ఏమీ రాలేదు కాబట్టి ఏ మందైనా పడుతుందని అనుకోవద్దు.

ఆపరేషన్‌కు ముందు దీనితో పనేమిటి? మోకాలి కీలులో వేసే లోహంలో కోబాల్టు, క్రోమియం, కొద్దిగా నికెల్ ఉంటాయి. ఎముకకు వేసే స్టీలు ప్లేటులో పది శాతానికి పైగా నికెల్ ఉంటుంది. రోల్డ్‌గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే చెవులు రసి కారే అక్కలు, బెల్టు బకిల్ తగిలిన చోట బొడ్డు కింద దురద పెట్టే అన్నలు మనలో ఉన్నారు. వాళ్ళ చర్మానికి నికెల్ పడకపోవచ్చు. అది డాక్టరుకు చెప్పాలి. అలాగని భయపడి ఆపరేషన్ మానుకోవద్దు. నికెల్ పడనివాళ్ళలో చాలామందికి లోపల వేసిన లోహంతో ఏ ఇబ్బందీ రాదు. అందుకే ఆపరేషన్‌కు వచ్చే అందరికీ ప్యాచ్ టెస్టు చేయమని నిపుణులు చెప్పరు. ఇంతకు ముందు గట్టిగా ఎలర్జీ వచ్చినవాళ్ళ విషయంలోనే ఆలోచిస్తారు. అవసరమనుకుంటే టైటానియం లాంటి వేరే లోహం వేస్తారు. "అందరికీ తప్పనిసరి" అని ఎవరైనా బిల్లులో రాస్తే ఎందుకని అడగండి.

లోహం కంటే పైన పూసేవి ఎక్కువ తిప్పలు పెడతాయి. మన రైతు ఒకాయనకు ట్రాక్టరు కింద పడి కాలు విరిగితే ప్లేటు వేశారు. పదో రోజుకు కట్టు చుట్టూ ఎర్రగా పొంగి నీరు కారింది. "ఇనుము పడలేదు, తీసేయించండి" అని చుట్టాలు పట్టుబట్టారు. ఇంకో ఆపరేషన్‌కు అప్పు కూడా మాట్లాడుకున్నారు. చర్మం డాక్టరు ప్యాచ్ టెస్టు చేస్తే నికెల్ దగ్గర ఏమీ లేదు. నైట్రోఫ్యురజోన్ దగ్గర గట్టిగా పొంగింది. అంటే కట్టు కట్టేటప్పుడు పూసిన పసుపు రంగు ఆయింట్‌మెంటు. అది మార్చారు, వారంలో చర్మం ఆరింది. ప్లేటు అలాగే ఉంది, ఎముక అతికింది. ఆ మందు పడదని తెలియడానికి ముందే ఒక గుర్తు ఉంది. అంతకు రెండేళ్ళ ముందు గేదె కొమ్ము గీసుకుంటే అదే మందు పూసి చెయ్యి వాచింది. అప్పుడు "గాయం విషమించింది" అనుకున్నారు. ఆ సంగతి ఆపరేషన్ ముందు ఎవరికీ చెప్పలేదు. నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్లు, అంటించే ప్లాస్టర్లు, అయోడిన్ మందు కూడా కొందరికి పడవు. ఏ మందు రాస్తే ఒళ్ళు పొంగిందో ఆ ట్యూబు పారేయకండి, అట్టపెట్టెతో సహా డాక్టరు దగ్గరకు పట్టుకెళ్ళండి.

ప్యాచ్ టెస్టు చేయించుకునేవాళ్ళు మూడు గుర్తుంచుకోవాలి. ఆ నాలుగు రోజులు వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. కోతల్లో, దుక్కుల్లో పెట్టుకుంటే దండగ, పని తక్కువ ఉన్న రోజులు చూసుకోవాలి. పరీక్షకు ముందు కొన్ని వారాలు వీపుకు గట్టి ఎండ తగలనివ్వకూడదు, అంటే చొక్కా విప్పి పని చేయొద్దు. మూడోది స్టెరాయిడ్ మాత్రలు, వీపు మీద పూసే స్టెరాయిడ్ మలాం. అవి వాడుతుంటే ఉన్న ఎలర్జీ కూడా కనబడకుండా పోతుంది. వాటి సంగతే ఇప్పుడు చెప్పాలి.

వయ్యారిభామ, స్టెరాయిడ్ మాత్రలు

గట్ల మీద వయ్యారిభామ గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాం. 1950లలో పుణె దగ్గర మొదట కనబడి దేశమంతా పాకింది. మన దేశంలో మొక్కల వల్ల వచ్చే చర్మ ఎలర్జీకి అదే పెద్ద కారణం. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి, తోలు మందమై, ఎండలోకి వస్తే మండుతుంది. ఏళ్ళ తరబడి వదలదు.

దురదకు తాళలేక మనవాళ్ళు ఊళ్ళో దొరికే చిన్న మాత్ర వేసుకుంటారు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్... పేరు ఏదైనా అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో ఒళ్ళు చల్లబడుతుంది. ఆపితే మళ్ళీ వస్తుంది, మళ్ళీ వేసుకుంటారు. కీళ్ళ నొప్పులకూ, ఆయాసానికీ అదే మాత్ర. అలా ఏళ్ళు వాడితే పుండు మానడం మందగిస్తుంది, చీము త్వరగా పడుతుంది, షుగరు పెరుగుతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఒళ్ళు తనంతట తాను తయారు చేసుకోవాల్సిన స్టెరాయిడ్ తయారు చేయడం తగ్గించేస్తుంది. ఆపరేషన్ దెబ్బకు అది అవసరమైనప్పుడు ఒంట్లో ఉండదు, బీపీ పడిపోతుంది. డాక్టరుకు తెలిస్తే ఆ సమయానికి ఇంజెక్షన్ ఇచ్చి కాపాడతారు. తెలియకపోతే?

అందుకని రెండు మాటలు. ఆ మాత్ర వాడుతున్న సంగతి దాచొద్దు. ఆపరేషన్ ఉంది కదా అని మీకు మీరే ఒక్కసారిగా ఆపొద్దు. ఎలా తగ్గించాలో, ఎంత ఉంచాలో డాక్టరే చెప్పాలి. ప్యాచ్ టెస్టు ముందు కూడా అంతే.

చీటీ మీద రాసుకెళ్ళాల్సినవి

ఆసుపత్రిలో మనకు దొరికేది అయిదు నిమిషాలు. అక్కడికి వెళ్ళాక అన్నీ మర్చిపోతాం. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఒక చీటీ రాయించుకుని వెళ్ళండి.

ఒకటి: పొగాకు ఏ రూపంలో వాడుతున్నానో, రోజుకు ఎంతో, ఎప్పుడు మానానో.

రెండు: నేను వాడకపోయినా పొగాకు పని చేస్తానా, ఆఖరిసారి పచ్చి ఆకు ఎప్పుడు ముట్టానో. ఆకు పని ఆపితే వారం పది రోజుల్లో కోటినిన్ దాదాపు పోతుంది. కాబట్టి తారీకు పెట్టుకునేటప్పుడే ఆకు కోతలు లేని రోజులు చూసుకోవడం మేలు.

మూడు: నోట్లో మూడు వేళ్ళు పడతాయా లేదా.

నాలుగు: ఏ నగ, ఏ మలాం, ఏ ప్లాస్టరు, ఏ ఇంజెక్షన్ నాకు పడలేదో, అప్పుడు ఏమైందో.

అయిదు: దురదకు, నొప్పులకు, ఆయాసానికి ఏ మాత్రలు ఎన్నాళ్ళుగా వాడుతున్నానో. పేరు తెలియకపోతే ఖాళీ అట్ట పట్టుకెళ్ళాలి.

ఈ చీటీ నమూనా మన మండల కార్యాలయాల్లో పెట్టాం. చదవడం రానివాళ్ళకు మన కార్యకర్తలు రాసిపెడతారు.

ఆకు పండించే మనం ఆకు గురించి ఇలా మాట్లాడొచ్చా?

ఈ మాట కమిటీలోనే వచ్చింది. "పొగాకు మీద బతుకుతూ పొగాకు చెడ్డదంటే కంపెనీల ముందు, బోర్డు ముందు మన గొంతు బలహీనపడదా?" అని ఒక పెద్దాయన అడిగాడు. సూటిగానే జవాబు చెప్పుకుందాం. మన కంచంలో అన్నం ఆ ఆకుదే. ధర కోసం రేపూ పోరాడతాం. కానీ ఆకు అమ్మిన డబ్బు ఆసుపత్రిలో పోస్తున్నప్పుడు, ఆకు మన ఒంటికి ఏం చేస్తోందో మాట్లాడకపోతే ధర గురించి మాట్లాడి ఏం లాభం? ఎరువు, కట్టెలు, కూలి సాగు ఖర్చులో రాస్తున్నాం. కూలీ చేతికి గ్లవుజు ఎందుకు రాయడం లేదు? రాయకపోతే ఆ ఖర్చు లేకుండా పోదు. కూలీ ఒంటి మీద పడుతుంది.

అందుకే సంఘం తరఫున ఈ డిమాండ్లు పెడుతున్నాం. గుంటూరులోని పొగాకు బోర్డు సాగు ఖర్చు లెక్కల్లో గ్లవుజులు, తడి తగలని ఏప్రాన్లు చేర్చాలి. ఆకు కొనే కంపెనీలు ప్రతి బ్యారన్‌కు కోతల ముందే వాటిని ఇవ్వాలి, రైతుకే కాదు, కూలీలకు కూడా. పొగాకు పండే మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పచ్చి పొగాకు జబ్బును గుర్తించి నమోదు చేయాలి. పొగాకు ప్రాంతాల నుంచి వచ్చే రోగులను ఆపరేషన్ ముందు "వాడతావా" అని మాత్రమే కాకుండా "ఏం పని చేస్తావు" అని కూడా అడగాలి. జిల్లాలోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ప్యాచ్ టెస్టు ఉచితంగా అందుబాటులో ఉండాలి.

వాళ్ళు చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మంచు ఆరాకే ఆకులోకి దిగుదాం. తొందర కోసం కూలీలను తెల్లారగట్ల తడిలోకి తోలొద్దు. ఇది మన రైతులకే చెబుతున్నాం. తడిసిన బట్టలు అక్కడే మార్చుకునేందుకు చాటు చూపిద్దాం. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కునేందుకు బిందెడు నీళ్ళు గట్టు మీద పెట్టిద్దాం. పిల్లలను, నెలలు నిండుతున్న తల్లులను ఆకు దగ్గరికి రానీయొద్దు. గట్ల మీద వయ్యారిభామను పూత రాకముందే, చేతులు కప్పుకుని పీకిద్దాం.

చివరిగా ఒక్క మాట. ఆ అక్కను "దాస్తోంది" అన్నారు. ఆమె దాచింది ఏమీ లేదు. మనం పండించే ఆకు ఆమె ఒంట్లోకి వెళ్ళింది, అది ఎలా వెళ్ళిందో చెప్పే మాట ఆమె దగ్గర లేదు. ఆ మాట ఈ పూట మీ అందరి దగ్గరా ఉంది. ఇంటికి తీసుకెళ్ళి, ఈ సభకు రాలేకపోయిన కూలీ తల్లులకు కూడా చెప్పండి. సీజను రాబోతోంది, ఆసుపత్రి తారీకులూ రాబోతున్నాయి.